పేర్ల నడుమ అడ్డగీత: ధారూర్ జాతర నుంచి కొన్ని ప్రశ్నలు

మమ్మల్ని బడిలో చేర్పించిన రోజున రిజిస్టరులో జాతీయతకూ, మతానికీ, కులానికీ కలిపి ఒకటే గడి ఉంది. ఆ గడిలో పంతులు 'ఇండియన్-హిందూ-మాదిగ' అని రాసిండు. మా నాయినకు చదువు రాదు. పంతులు ఏం రాసిండో నాయిన అడగలేదు. ఏం రాయాలో పంతులు నాయినను అడగలేదు. మూడు మాటలు, వాటి నడుమ రెండు అడ్డగీతలు. అదే ఏడు నవంబరులో మా ఇంటిల్లిపాదీ ఎడ్లబండి కట్టుకొని ధారూర్ జాతరకు పోయింది. అడవిలో, వాగు ఒడ్డున గుడారం వేసుకొని, రాళ్ళ పొయ్యి మీద అన్నం వండుకొని, రాత్రిపూట ప్రార్థనల్లో కూర్చున్నాం. అక్కడ మేము క్రైస్తవులం. బండి తిరిగి ఊరికొచ్చింది. రిజిస్టరులో గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఈ వ్యాసం ఆ గీత గురించి. ఇంగ్లీషు వ్యాకరణంలో దాన్ని హైఫన్ అంటారు. మా బడిలో చిన్నగీత అనేవాళ్ళు. ఇంత చిన్న గుర్తు మీద చరిత్ర వ్యాసమా అని పెద్దలకు నవ్వు రావచ్చు. పేరు పక్కన ఏ గీతా అక్కర్లేకుండా బతికినవాళ్ళు నవ్వొచ్చు. మాకు మాత్రం స్కాలర్‌షిప్పు, హాస్టలు సీటు, ఉద్యోగం, దెబ్బలు తిన్నప్పుడు పెట్టుకునే కేసు కూడా ఆ గీతకు ఏ పక్కన ఏ మాట ఉందన్నదాని మీద ఆధారపడి ఉంటున్నాయి. అందుకే మేము దీన్ని వ్యాకరణం కింద కాక చరిత్ర కింద చూస్తున్నాం.

తెలుగుకు అడ్డగీత పాత ఆస్తి కాదు. తాటాకు మీద మాటకూ మాటకూ నడుమ జాగా కూడా వదలలేదు, ఇక గీత ఎక్కడిది? అచ్చుయంత్రంతో, ఇంగ్లీషు పుస్తకాల పద్ధతితో అది మన దగ్గరికి వచ్చింది. అంతకుముందు రెండు మాటల్ని కలపాలంటే సంధి ఉంది, సమాసం ఉంది. కలిసిన మాటలు ఒకదాన్నొకటి మింగేవి, లేకుంటే పక్కపక్కన సర్దుకునేవి. అందులో ద్వంద్వ సమాసం అనేది ఒకటి. రెండు పదాలకూ సమాన ప్రాధాన్యం ఉంటే ద్వంద్వం అని బడిలో చెప్పిండ్రు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఉదాహరణలు. ఊళ్ళో మేము విన్న ద్వంద్వం వేరే: 'మాలమాదిగలు'. ఈ సమాసాన్ని మాలలు కట్టలేదు, మాదిగలు కట్టలేదు. ఊరి నడుమ ఉన్నవాళ్ళు కట్టిండ్రు. వాళ్ళ కంటికి రెండు వాడలూ ఒకటే, రెండూ ఊరి బయటివే. పేరుకు సమాన ప్రాధాన్యమే. కానీ మాలవాడకూ మాదిగవాడకూ బావులు వేరు, గుళ్ళు వేరు, పొత్తులు వేరు. సమాసం ఆ తేడాను దాచింది. అచ్చులో 'మాల-మాదిగ' అని గీత పెట్టి రాయడం మొదలైనాక కనీసం ఇవి రెండు అన్న సంగతి కంటికి కనపడింది. గీత విడదీస్తుందా, కలుపుతుందా అని అడిగితే మా జవాబు ఇంతే: గీసిన చేయి ఎవరిదో చూడాలి.

ఇక్కడ ఒక పక్కమాట. అక్షరాలు పేర్చి అచ్చువేసే రోజుల్లో పంక్తి చివర చోటు చాలకపోతే మాటను విరగ్గొట్టి గీత పెట్టేవాళ్ళు. పాత పత్రికలు తిరగేస్తుంటే పంక్తి చివర 'మా-' అని వేలాడటం మేము చూశాం. కింది పంక్తిలో 'ల' వస్తుందో, 'దిగ' వస్తుందో, లేకుంటే ఎవరిదో 'మా ఊరు' వస్తుందో కన్ను కిందికి దిగేదాకా తెలియదు. రెండు కులాల పేర్లూ 'మా' తోనే మొదలవుతాయని మేము అంతకుముందు గమనించనే లేదు.

మన చరిత్రలో అడ్డగీతను తెలిసి, కావాలని, తన చేత్తో తాను గీసుకున్న మొదటి తరం హైదరాబాదులోని ఆది-హిందువులు. మాదరి భాగయ్యగా పుట్టి భాగ్యరెడ్డి వర్మ అయిన నాయకుడు (1888-1939) 1906లో జగన్మిత్ర మండలి పెట్టిండు. 1911లో అది మన్య సంఘమయింది. 1917 నవంబరులో బెజవాడలో మహాసభ జరిగినప్పుడు దాన్ని పిలిచినవాళ్ళు పెట్టిన పేరు పంచమ మహాజన సభ. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ పేరునే ప్రశ్నించిండు. పంచములనే మాటకు పురాణాల్లో గానీ, ఇంకెక్కడ గానీ ఆధారం లేదనీ, ఈ నేలకు మొదటి మనుషులం మేమేననీ ఆయన వాదన. సభ పేరు ఆది-ఆంధ్ర సభగా మారింది. అధ్యక్షుడు వచ్చి కూర్చున్నాక సభకే పేరు మారిన సందర్భాలు చరిత్రలో ఎన్ని ఉంటాయి? 1922లో మద్రాసు ప్రభుత్వం పరయ, పంచమ అనే పేర్ల బదులు ఆది-ద్రావిడ, ఆది-ఆంధ్ర అనే పేర్లు వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. శాసనమండలిలో ఎం.సి. రాజా తెచ్చిన తీర్మానం దాని వెనక ఉంది. నిజాం రాజ్యంలో ఆది-హిందూ పేరు నిలబడింది. 1931 జనాభా లెక్కల్లోకి ఎక్కింది.

ఈ 'ఆది-హిందూ' అనే మాటను ఇప్పుడు చదివేవాళ్ళు తరచు పొరపాటు పడతారు. హిందువుల్లో మొదటివాళ్ళమని చెప్పుకున్నారు, అంటే హిందూమతంలోనే ఉన్నట్టు గదా అంటారు. భాగ్యరెడ్డి వర్మ ఆలోచన అది కాదు. హిందూ అనేది బయటివాళ్ళు ఈ దేశపు మనుషులకు పెట్టిన పేరు, అది మతం పేరు కాదు, కాబట్టి ఆది-హిందువు అంటే ఈ దేశపు తొలి నివాసి అని ఆయన అర్థం చెప్పిండు. గీతకు ఎడమన ఉన్న 'ఆది' కుడిపక్క మాటలోంచి మతాన్ని తీసేసి నేలను మిగిల్చింది. గీత లేకుండా రాస్తే ఈ పని జరగదు. 'ఆది' అనేది ఉట్టి విశేషణం అయిపోతుంది, 'హిందూ' యజమాని అయిపోతుంది. తర్వాత జరిగిందీ అదే. గీత అరిగిపోయి, ఆది రాలిపోయి, బడి రిజిస్టర్లలో 'హిందూ' ఒక్కటే మిగిలింది. మా గడిలో పంతులు రాసింది ఆ మిగిలిన ముక్కనే.

ఆది-హిందూ గీత అందరికీ సరిపోలేదన్న మాటా ఒప్పుకోవాలి. ఆ ఉద్యమంలో హైదరాబాదు నగరపు మాలలదే ముందడుగు, పెద్దరికం. మాదిగలు అరుంధతీయులన్న పేరుతో తమ సంఘాలు తాము కట్టుకున్నారు. ఇది చీలిక అని రాసిన చరిత్రకారులున్నారు. మేము అట్లా అనలేం. ఒక గీత కింద నిలబడ్డవాళ్ళలో కొందరికి ఎండ తగులుతుంటే వాళ్ళు ఇంకో పందిరి వేసుకున్నారు, అంతే.

హరిజన అనే మాట గురించి ఎక్కువ చెప్పం. గాంధీ 1932-33లో దాన్ని ఊరూరా తిప్పిండు. దానికి అడ్డగీత లేదు. హరి యొక్క జనులు, షష్ఠీ తత్పురుష. పేరులో మేము హరి సొత్తుగా మిగిలాం. హరి ఎవరి దేవుడో మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు.

ఇక ధారూర్‌కు వద్దాం. వాడి-సికింద్రాబాదు రైలుదారి 1874లో తెరిచిండ్రు. వికారాబాదు నుంచి తాండూరు పోయే దారిలో ధారూర్ చిన్న స్టేషను. వికారాబాదు చుట్టూ అమెరికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ మిషన్ పనిచేసింది. బడి, దవాఖాన పెట్టింది. మెదకు దిక్కు ఉన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులు. వాళ్ళు కట్టిన పెద్ద చర్చిని 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠించిండ్రు. 1947లో మెదకువాళ్ళు దక్షిణ ఇండియా సంఘంలో కలిసిపోయిండ్రు, వికారాబాదువాళ్ళు కలవలేదు. మాదిగవాడల్లో మాత్రం ఈ తేడా ఎవరికీ పట్టలేదు. వాడకు వాడే, వంశానికి వంశమే మతం మారిన కాలం అది. ఒక్కో మనిషి కూర్చొని ఆలోచించి పుచ్చుకున్న మతం కాదు. కులపెద్దలు కూర్చొని మాట్లాడుకొని ఒప్పుకున్నారు.

ధారూర్ జాతర 1920ల మొదట్లో మొదలయింది. ఈ మధ్యనే నూరేళ్ళు దాటింది. జాతర అనే మాటను పట్టించుకోండి. మెథడిస్టుల పద్ధతిలో అడవిలో గుడారాలు వేసుకొని కొన్ని దినాలు ప్రార్థనలు చేసే శిబిరాలు అమెరికాలో ముందునుంచీ ఉన్నాయి. ఆ శిబిరం ఇక్కడికొచ్చి జాతర అయింది. జాతర అంటే మా వాడకు పోచమ్మ జాతర, ఎల్లమ్మ జాతర, మైసమ్మ జాతర. బండి కట్టుకొని పోవడం, చుట్టాల్ని కలవడం, మొక్కు తీర్చుకోవడం, పిల్లలకు పీకలు కొనివ్వడం, పెండ్లి సంబంధాలు మాట్లాడుకోవడం. ఇవన్నీ ఆ మాటతో పాటే చర్చి ఆవరణలోకి వచ్చేసినయ్. గోడమీది రాతల్లో, కరపత్రాల్లో 'మెథడిస్టు క్రిస్టియన్ జాతర' అని ఉంటుంది. మూడు మాటలు, మూడు మూడు దిక్కుల నుంచి వచ్చినవి. వాటి నడుమ ఎవరూ గీత పెట్టరు. పెట్టాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు.

వికారాబాదు, తాండూరు, పరిగి, జహీరాబాదు నుంచి, అవతల బీదరు, గుల్బర్గా నుంచి జనం వస్తారు. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిపి మాట్లాడుకునే ప్రాంతం ఇది. ఒకే వాక్యంలో మూడు భాషలు దొర్లుతాయి. తాండూరు బండల గనిలో పనిచేసే మనిషి మేస్త్రీతో ఒక భాషలో, పెండ్లాంతో ఇంకో భాషలో మాట్లాడతాడు, ప్రార్థన మూడోదాంట్లో చేస్తాడు. ఏ భాష ఎక్కడ ఆగి ఏది మొదలైందో అతను లెక్కపెట్టడు. కాగితం లేని చోట గీత ఉండదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మా నాయినమ్మ బతికినన్నాళ్ళు జాతర తప్పలేదు. ఊళ్ళో బోనాలూ తప్పలేదు. మేము డిగ్రీకి వచ్చాక పెద్ద తెలివిగా ఆమెను అడిగాం: "నాయినమ్మా, నువ్వు క్రైస్తవురాలివా, హిందువ్వా?" ఆమె పొయ్యి ఊదుతూ చెప్పిన మాట: "ఏసయ్య మనోడే, ఎల్లమ్మ మనదే. నడుమ గీత ఎవడు గీసిండు బిడ్డా?" ఆ రోజు మేము దాన్ని అజ్ఞానం అనుకున్నాం. చర్చి పెద్దలూ అట్లాగే అనేవాళ్ళు. పి.వై. లూక్, జాన్ కార్మన్ మెదకు దిక్కు పల్లెల్లో తిరిగి 1968లో అచ్చువేసిన పుస్తకంలో పల్లె క్రైస్తవులు ఊరి దేవతలనూ వదల్లేదని వివరంగా రాసిండ్రు. విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఆ పుస్తకం చదువుతుంటే మాకు నాయినమ్మ పొయ్యి గుర్తొచ్చింది. ఆమె చెప్పింది అజ్ఞానం కాదనీ, ఇంకొక రకం జ్ఞానమనీ ఒప్పుకోవడానికి మాకు ఎం.ఫిల్. దాకా పట్టింది.

నాయినమ్మ అడిగిన ప్రశ్నకు తేదీతో సహా జవాబుంది. గీత గీసింది 1950 ఆగస్టు 10న. ఆ రోజు రాష్ట్రపతి పేరుతో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఒకటి ఉంది. హిందూ మతం కాక వేరే మతం పాటించే వారెవరూ షెడ్యూల్డు కులస్తులుగా పరిగణించబడరని దాని సారాంశం. 1956లో సిక్కులను చేర్చిండ్రు. 1990లో బౌద్ధులను చేర్చిండ్రు. అంబేద్కర్ 1956 అక్టోబరులో నాగపూరులో లక్షల మందితో బౌద్ధం తీసుకున్న తర్వాత ఆ నవ-బౌద్ధులకు ఈ జాబితాలోకి తిరిగి రావడానికి ముప్ఫై నాలుగేళ్ళు పట్టింది. క్రైస్తవులూ ముస్లింలూ ఇంకా బయటే ఉన్నారు. షెడ్యూల్డు తెగలకు ఈ షరతు లేదు. తాండూరు తండాలో లంబాడీ మనిషి ఏ దేవుణ్ణి మొక్కినా లంబాడీయే. మాదిగ మనిషి మాత్రం ఏసును మొక్కితే చట్టం లెక్కన మాదిగ కాకుండా పోతాడు. ఊరు లెక్కన మాత్రం మాదిగగానే ఉంటాడు. హోటల్లో గ్లాసు ఇచ్చేటప్పుడు ఎవరూ బాప్తిస్మం సర్టిఫికెట్ అడగరు.

ఆంధ్రప్రదేశ్‌లో 1970లో అనంతరామన్ కమిషన్ సిఫారసుల మీద వెనుకబడిన తరగతుల జాబితా నాలుగు గుంపులుగా తయారయింది. అందులో మూడో గుంపు పూర్తిగా ఒకే రకం మనుషులది: షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారు, వారి సంతానం. వాటా 1 శాతం. కాగితం మీద దాన్ని 'బి.సి.-సి' అని రాస్తారు. మా మొత్తం చరిత్ర ఆ గీతలో ఇరికింది. అక్షరక్రమంలో మూడోది కాబట్టి 'సి' అన్నారే తప్ప క్రిస్టియన్ అని కాదు. అయినా వాడలో అందరూ దాన్ని క్రిస్టియన్ 'సి' అనే అనుకుంటారు. తప్పుగా అర్థం చేసుకున్నా సరిగ్గానే అర్థం చేసుకున్నారు. 1977లో జి.ఓ. 341 ద్వారా రాష్ట్రం తన చేతిలో ఉన్న కొన్ని రాయితీలను మతం మారినవారికీ ఇచ్చింది. ఉద్యోగాల రిజర్వేషను, చట్టసభల సీట్లు, అత్యాచారాల నిరోధక చట్టం మాత్రం ఆ రాయితీల్లోకి రావు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెలిక పెట్టింది. మతం మారాక కూడా కొత్త మతంలో అదే తీవ్రతతో కులపు బాధ ఉందని రుజువు చేయమంది. అంటే చర్చిలో మాకు అవమానం జరుగుతోందని మేమే సాక్ష్యాలు పోగుచేసుకురావాలి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరాను తీసేయమని చెప్పింది. ఎవరూ తీయలేదు. 2022 అక్టోబరులో బాలకృష్ణన్ కమిషన్ వేసిండ్రు. 2025 ఏప్రిల్ చివర ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అత్యాచార నిరోధక కేసును కొట్టేసింది. చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా, పాస్టరుగా పనిచేస్తున్నవాడికి ఆ చట్టం వర్తించదన్నది.

ఫలితం ఏమిటి? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. ధారూర్‌లో నవంబరులో ఒక్క రాత్రి గుడారాల నడుమ నడిచినవారెవరూ ఆ అంకెను నమ్మరు. లెక్కలు రాసేవాళ్ళ తప్పు కాదు, చెప్పేవాళ్ళు అబద్ధాలకోరులూ కాదు. మనిషికి రెండు పేర్లు ఉన్నాయి. చర్చిలో సువార్తమ్మ, ఓటరు లిస్టులో బాలమ్మ. ఆదివారం ఏసుదాసు, సోమవారం నర్సింలు. రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి నడుమ గీత గీసి 'బాలమ్మ-సువార్తమ్మ' అని రాస్తే ఆ మనిషి పూర్తిగా కనపడుతుంది. కనపడితే పట్టుబడుతుంది. ఇట్లా బతికేవాళ్ళను రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళని ఎగతాళి చేసే పెద్దలున్నారు. మా కాళ్ళు నేలమీదే ఉన్నాయి. పడవలు తెచ్చి కాళ్ళ కింద పెట్టింది వేరేవాళ్ళు.

అమెరికాలో 1915 అక్టోబరు 12న థియోడర్ రూజ్‌వెల్ట్ న్యూయార్కులో మాట్లాడుతూ తమ దేశంలో అడ్డగీత అమెరికన్లకు చోటు లేదన్నాడు. జర్మన్-అమెరికన్లు, ఐరిష్-అమెరికన్ల మీద ఆయన గురి. గీత ఉంటే భక్తి రెండు దేశాల నడుమ పంచుకుపోతుందని ఆయన అనుమానం. 1988లో జెస్సీ జాక్సన్ అదే గీతను ఎత్తిపట్టి 'ఆఫ్రికన్-అమెరికన్' అనే పేరును ప్రచారం చేసిండు. 2019లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన రాత నియమాల్లోంచి ఆ గీతను తీసేసింది. గీత ఉన్నందుకు ఆ మనుషులు సగం అమెరికన్లుగా కనబడుతున్నారన్న ఆక్షేపణ దాని వెనక ఉంది. ఒకే గుర్తు మీద నూరేళ్ళలో మూడు తీర్పులు. అయితే అక్కడి గీతకూ ఇక్కడి గీతకూ తేడా ఉంది. అక్కడ రెండు పక్కలా ఉన్నవి రెండు నేలలు. 'దళిత-క్రైస్తవ' అన్నప్పుడు మాకు ఒక పక్క ఉన్నది పుట్టుక, రెండో పక్క ఉన్నది నమ్మకం. నమ్మకం పెంచుకుంటే పుట్టుక హక్కు పోతుందనే లెక్క వాళ్ళకు లేదు.

రాష్ట్రాల పేర్లలోనూ ఈ గీత కథ నడిచింది. 1956లో రాష్ట్రాల పునర్విభజన బిల్లులో మొదట ఉన్న పేరు 'ఆంధ్ర-తెలంగాణ'. పార్లమెంటు సంయుక్త సంఘం దాన్ని 'ఆంధ్రప్రదేశ్' చేసింది. పెద్దమనుషుల ఒప్పందపు కాగితాల్లో కూడా తెలంగాణ పక్షం పాత పేరే ఉండాలన్నట్టు రాసి ఉంది. నవంబరు 1 నాటికి గీతా పోయింది, గీతకు కుడిపక్క మాటా పోయింది. 1969 అయింది. 2014 జూన్ 2న రాష్ట్రమే రెండయింది. చెకొస్లొవాకియాలో 1990లో సరిగ్గా ఇదే గొడవ. దేశం పేరులో గీత ఉండాలని స్లొవాకులు, వద్దని చెక్కులు. కొన్ని వారాలపాటు చెక్ భాషలో గీత లేకుండా, స్లొవాక్ భాషలో గీతతో ఒకే దేశానికి రెండు రాతలు నడిచినయ్. 1993 జనవరి 1న వాళ్ళూ విడిపోయిండ్రు. దానికి 'అడ్డగీత యుద్ధం' అని పేరు కూడా పెట్టుకున్నారు. మా దగ్గర యుద్ధం జరిగింది గానీ పేరు పెట్టలేదు.

ఈ కథను తెలంగాణ వాదులందరూ చెప్తారు. మేము చేర్చేది ఒక్కటే. పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకం చేసినవాళ్ళు ఎనిమిది మంది. అటు నలుగురు, ఇటు నలుగురు. ఇటువాళ్ళలో ఒకరి పేరు తర్వాత మా జిల్లాకే పెట్టిండ్రు. ఇంకొకరు మర్రి చెన్నారెడ్డి, మా ప్రాంతం నుంచే శాసనసభకు పోయిన మనిషి. ఎనిమిది మందిలో దళితుడు ఒక్కడూ లేడు. గీత ఉంచాలన్నవాళ్ళకూ, తీసేయాలన్నవాళ్ళకూ వాడ గుర్తు రాలేదు. 2016లో జిల్లా మారి వికారాబాదు జిల్లా అయింది. సర్టిఫికెట్ల మీద ముద్రలు మారినయ్. గడులు అవే.

దళిత ఉద్యమమే గీతతో ఎట్లా వ్యవహరించిందో చెప్పకుంటే మేము సగమే చెప్పినవాళ్ళం అవుతాం. 1985 కారంచేడు తర్వాత, 1991 చుండూరు తర్వాత 'దళిత' అనే ఒక్క మాట కింద అందరం నిలబడ్డాం. కంచ ఐలయ్య 1996లో ఇంగ్లీషులో రాసిన 'నేను హిందువునెట్లయిత?' పుస్తకంలో దళితబహుజన అనే మాటను గీత లేకుండా ఒకే పదంగా కలిపి రాసిండు. అది ఆశతో కట్టిన సమాసం. అప్పటికే, 1994లో, మాదిగ దండోరా మొదలయింది. 59 కులాలను ఒకే గంపలో పోస్తే గంప పైనున్నవాళ్ళకే అందుతోందని దండోరా అన్నది. ఎ, బి, సి, డి అని విడదీయమన్నది. 2000లో చట్టమయింది. 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనంతో వర్గీకరణ చేసుకోవచ్చన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపులుగా అమలులోకి వచ్చింది. 1, 9, 5 శాతాలు. మా వాడలో డప్పులు మోగినయ్. మేమూ ఉన్నాం.

ఆ రాత్రి డప్పుల నడుమ మా చిన్నమ్మ కొడుకు మమ్మల్ని పక్కకు పిలిచిండు. "అన్నా, గ్రూప్ టూ కాగితం తెచ్చుకోవాలంటే చర్చి పేరు ఏడా ఉండొద్దంటున్నరు. నా పెండ్లి చర్చిల అయింది గదా, ఆ రిజిస్టరు ఏం జేయాలె?" దండోరా గెలిచిన రోజున దండోరాలో నడిచిన పిలగాడికి వచ్చిన సందేహం ఇది. మాలల నుంచి మాదిగలను వేరుచేసి చూపే గీత కోసం ముప్ఫై ఏళ్ళు కొట్లాడినం. అది వచ్చింది. మాదిగ నుంచి మాదిగను విడగొట్టే 1950 నాటి గీత దాని కిందనే ఉంది. ఉద్యమంలో పెద్దలను మేము ఈ సంగతి అడిగాం. ఇప్పుడు కాదు తమ్ముడూ, తర్వాత చూద్దాం అన్నారు. వాళ్ళు కాదనలేదు. వాళ్ళకూ జాతరకు పోయే చుట్టాలున్నారు.

ఈ వ్యాసంలో 'నేను' అనే మాట ఎందుకు లేదో ఇప్పటికి చదివేవాళ్ళకు అర్థమై ఉంటుంది. పరిశోధన వ్యాసం రాసేటప్పుడు మేము అనడం మర్యాద అని మా గైడు చెప్పిండు. మా కారణం అది కాదు. నేను అంటే ఊరు అడుగుతారు, ఇంటిపేరు అడుగుతారు. మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి సర్టిఫికెట్ మీద కొందరి బతుకులు ఆధారపడి ఉన్నాయి. నాయినమ్మ పేరు కూడా అందుకే రాయలేదు. ఆమెకు రెండు పేర్లుండేవి. సమాధి మీద ఒకటే చెక్కించాం. అది ఏదో చెప్పం.

మేము ఒకసారి సర్టిఫికెట్ కోసం తిరిగిన ఒక ఆఫీసులో గుమాస్తా దరఖాస్తును తిప్పి చూసి, "మీ ఇంట్లో గోడమీద ఏం ఫోటోలున్నయ్?" అని అడిగిండు. అంబేద్కర్ ఫోటో అని చెప్పాం. అది నిజమే. దాని పక్కనున్న ఫోటో గురించి అతను అడగలేదు, మేము చెప్పలేదు. కాగితం పదిహేను రోజుల్లో వచ్చింది.

చిన్నమ్మ కొడుకు దరఖాస్తు ఇంకా ఇవ్వలేదు. ఫారం మా గదిలోనే, పుస్తకాల నడుమ ఉంది. మతం అని ఉన్న గడిలో వాడు పెన్సిలుతో ఒక మాట రాసి, చెరిపి, మళ్ళీ రాసి, చెరిపిండు. పక్కన చిన్న గీత మాత్రం చెరగలేదు. నవంబరులో జాతర ఉంది. బండ్లు కట్టేవాళ్ళు తగ్గిండ్రు, ఇప్పుడు ఆటోలూ ట్రాక్టర్లూ. పోదామా అన్నా అని వాడు ఫోను చేసి అడుగుతున్నడు. టెంటు కిరాయికి అడ్వాన్సు కట్టినం.